స్వరసంహతి క్రమము

స్వరసంహతి క్రమము లేదా కార్డ్ ప్రొగ్రెషన్ అనగా ఒకేసారి పలికే స్వరాల సముదాయాలను ఒకదాని తరువాత ఒకటిగా, ఒక నియమిత వరుసలో నడిపించే సంగీత పద్ధతి. మూడు లేక అంతకంటె ఎక్కువ స్వరాలు ఏకకాలములో మ్రోగినపుడు ఆ సముదాయమును స్వరసంహతి అని, వాడుకలో కార్డు అని అంటారు. పాశ్చాత్య సంగీతమునకు ఇది పునాది వంటిది. పియానో, గిటారు, ఎలక్ట్రానిక్ కీబోర్డు నేర్చుకొనువారు మొదటగా సాధన చేయవలసిన అంశములలో ఇది ఒకటి.

కర్ణాటక సంగీతము రాగముపై, అనగా ఒకే స్వరధారపై ఆధారపడినది. అందులో స్వరసంహతికి ప్రత్యేక స్థానము లేదు. అయినను కీబోర్డుపై వాయించునపుడు రెండు పద్ధతులకూ అవే పన్నెండు స్వరస్థానాలు ఆధారము. కావున సరిగమలు తెలిసినవారు సంహతులను సులభముగా గ్రహించవచ్చును. ఏ రాగములో ఇవి ఇముడుతాయో, ఏ రాగములో ఇమడవో కూడా లెక్కకట్టి చెప్పవచ్చును.

స్వరస్థానాలు - పియానో మెట్లు

పియానోను ఇటలీ దేశస్థుడైన బార్తొలొమియో క్రిస్టొఫోరి 1700 ప్రాంతములో ఫ్లోరెన్స్ నగరములో రూపొందించాడు. నేటి పియానోలో సాధారణముగా 88 మెట్లు ఉంటాయి. వీటిలో 52 తెల్లవి, 36 నల్లవి. ఒక్కొక్క స్థాయికి 7 తెల్లమెట్లు, 5 నల్లమెట్లు, మొత్తం 12 మెట్లు వస్తాయి.

నల్లమెట్లు రెండు, మూడు చొప్పున గుంపులుగా అమరి ఉంటాయి. రెండు నల్లమెట్ల గుంపుకు వెంటనే ఎడమవైపున ఉన్న తెల్లమెట్టు 'సి'. దీనిని షడ్జమముగా తీసుకొనుటను హార్మోనియము వాయించువారు ఒకటవ శ్రుతి అంటారు. దాని పక్క తెల్లమెట్టు రెండవ శ్రుతి, ఈ రెంటి నడుమనున్న నల్లమెట్టు ఒకటిన్నర శ్రుతి. ఒకటవ శ్రుతిలో పన్నెండు మెట్ల పేర్లు ఇవి:

* 1. షడ్జమము (తెలుపు)
* 2. శుద్ధ రిషభము (నలుపు)
* 3. చతుశ్రుతి రిషభము లేక శుద్ధ గాంధారము (తెలుపు)
* 4. సాధారణ గాంధారము లేక షట్శ్రుతి రిషభము (నలుపు)
* 5. అంతర గాంధారము (తెలుపు)
* 6. శుద్ధ మధ్యమము (తెలుపు)
* 7. ప్రతి మధ్యమము (నలుపు)
* 8. పంచమము (తెలుపు)
* 9. శుద్ధ ధైవతము (నలుపు)
* 10. చతుశ్రుతి ధైవతము లేక శుద్ధ నిషాదము (తెలుపు)
* 11. కైశికి నిషాదము లేక షట్శ్రుతి ధైవతము (నలుపు)
* 12. కాకలి నిషాదము (తెలుపు)

తెల్లమెట్లను మాత్రమే వరుసగా వాయిస్తే 29వ మేళకర్త అయిన ధీర శంకరాభరణము యొక్క స్వరాలు పలుకుతాయి. పాశ్చాత్యులు దీనినే మేజర్ స్కేలు అంటారు. ఈ తెల్లమెట్లనే వాడుతూ షడ్జమమును ఇతర స్వరాలకు మార్చితే, అనగా గ్రహభేదము చేస్తే, రిషభము నుండి ఖరహరప్రియ, గాంధారము నుండి తోడి, మధ్యమము నుండి కల్యాణి, పంచమము నుండి హరికాంభోజి, ధైవతము నుండి నఠభైరవి వస్తాయి. నిషాదము నుండి మొదలుపెడితే పంచమము దొరకదు కనుక మేళకర్త ఏర్పడదు.

సంహతుల నిర్మాణము

ఒక స్వరమును మూలముగా తీసుకొని, ఒక స్వరమును విడిచి తరువాతి దానిని, మరల ఒక దానిని విడిచి తరువాతి దానిని కలిపితే మూడు స్వరాల సంహతి వస్తుంది. స గ ప ఇందుకు మొదటి ఉదాహరణ. స్వరాల నడుమ ఉన్న మెట్ల దూరమును బట్టి ఇవి నాలుగు రకాలు. దూరమును లెక్కించునపుడు నల్లమెట్లను కూడా లెక్కించవలెను.

* మేజర్ సంహతి: 4 మెట్లు, తరువాత 3 మెట్లు. ఉదా: స, అంతర గ, ప.
* మైనర్ సంహతి: 3 మెట్లు, తరువాత 4 మెట్లు. ఉదా: స, సాధారణ గ, ప.
* డిమినిష్డ్ సంహతి: 3 మెట్లు, తరువాత 3 మెట్లు. ఉదా: స, సాధారణ గ, ప్రతి మ.
* ఆగ్మెంటెడ్ సంహతి: 4 మెట్లు, తరువాత 4 మెట్లు. ఉదా: స, అంతర గ, శుద్ధ ధ.

మేజర్ సంహతి చెవికి నిండుగా, నిలకడగా వినిపించుటకు భౌతిక కారణము ఉన్నది. శుద్ధమైన శ్రుతిలో దాని మూడు స్వరాల పౌనఃపున్యాలు 4:5:6 నిష్పత్తిలో ఉంటాయి. మైనర్ సంహతిలో ఈ నిష్పత్తి 10:12:15. తంబురా మీటినపుడు తీగలకు శ్రుతి చేయని అంతర గాంధారము కూడా సన్నగా వినవచ్చుట సంగీతజ్ఞులకు తెలిసినదే. దీనిని స్వయంభూ గాంధారము అంటారు. షడ్జమ తీగ కంపనములోని ఐదవ అనుస్వనమే ఇది. అనగా స గ ప కలయిక తంబురా నాదములో సహజముగానే దాగి ఉన్నది. కర్ణాటక సంగీతము దానిని నేపథ్యముగా ఉంచుకొన్నది. పాశ్చాత్య సంగీతము దానిని ముందుకు తెచ్చి కదిలించినది.

శంకరాభరణములో ఏర్పడు ఏడు సంహతులు

శంకరాభరణములోని ప్రతి స్వరము మీద ఒక సంహతి నిర్మించవచ్చును. వీటిని 1 నుండి 7 వరకు అంకెలతో గుర్తిస్తారు.

* 1: స గ ప - మేజర్
* 2: రి మ ధ - మైనర్
* 3: గ ప ని - మైనర్
* 4: మ ధ స - మేజర్
* 5: ప ని రి - మేజర్
* 6: ధ స గ - మైనర్
* 7: ని రి మ - డిమినిష్డ్

అంకెలతో గుర్తించుట వలన ఒక ప్రయోజనము ఉన్నది. గాయకుని శ్రుతి ఒకటి అయినా, నాలుగున్నర అయినా 1-4-5 అన్న క్రమము మారదు, మెట్లు మాత్రమే మారుతాయి. షడ్జమము ఏ శ్రుతిలో ఉన్నా సరిగమల పేర్లు మారకపోవుట వంటిదే ఇది.

ఈ ఏడింటిలో 1, 4, 5 ప్రధానమైనవి. 1వ సంహతి నిలకడకు స్థానము. 4వది అక్కడి నుండి కదలిక. 5వది మరల షడ్జమమునకు చేరవలెనన్న ఆకాంక్షను కలిగిస్తుంది. ఇందుకు కారణము అందులోని కాకలి నిషాదము. అది పై షడ్జమమునకు ఒక్క మెట్టు దూరములో ఉంటుంది. 5వ సంహతికి మధ్యమమును కూడా చేర్చి ప ని రి మ అని వాయిస్తే ఈ ఆకాంక్ష మరింత బలపడుతుంది. అపుడు నిషాదము షడ్జమమునకు ఎగసి, మధ్యమము గాంధారమునకు దిగి విశ్రాంతి పొందుతాయి.

భారతీయ సంగీత శాస్త్రములో షడ్జమ-పంచమములు, షడ్జమ-మధ్యమములు పరస్పరము సంవాది స్వరాలు. నాట్యశాస్త్రము 9 లేక 13 శ్రుతుల అంతరము గల స్వరాలను సంవాదులుగా చెప్పినది. 1-4-5 క్రమము నిలబడినది కూడా ఈ సంబంధముల మీదనే. ఫ్రాన్సు దేశపు స్వరకర్త రామో 1722లో ప్రచురించిన గ్రంథములో సంహతులకు మూలస్వరము, వాటి మధ్య సంబంధములు అన్న భావనలను శాస్త్రముగా వివరించాడు.

ప్రసిద్ధ క్రమాలు

* 1-4-5-1: అన్నిటికంటె సరళమైనది. జానపద గీతాలు, ప్రార్థనా గీతాలు, బాలగీతాలు అనేకము ఈ మూడు సంహతులతోనే పూర్తి అవుతాయి.
* 1-5-6-4: ఇరవయ్యవ శతాబ్దపు చివరి దశాబ్దముల నుండి పాప్ సంగీతములోను, చలనచిత్ర గీతాలలోను విస్తారముగా వాడబడుచున్నది. దీనినే 6వ సంహతితో మొదలుపెట్టి 6-4-1-5 గా వాయిస్తే విషాదఛాయ వస్తుంది.
* 2-5-1: జాజ్ సంగీతములో ముఖ్యమైనది.
* 1-5-6-3-4-1-4-5: జర్మనీకి చెందిన పాకెల్‌బెల్ (1653-1706) తన కానన్ అను రచనలో ఆద్యంతము వాడిన వరుస.
* పన్నెండు ఆవర్తముల బ్లూస్: 1-1-1-1, 4-4-1-1, 5-4-1-1. అమెరికాలోని నల్లజాతివారి సంగీతము నుండి వచ్చినది.

వాక్యమునకు విరామ చిహ్నము ఎటువంటిదో సంగీతములో ముగింపు అటువంటిది. దీనిని కేడెన్స్ అంటారు. 5-1 సంపూర్ణ విరామము. 4-1 మెత్తని విరామము. క్రైస్తవ ప్రార్థనా గీతాల చివర 'ఆమెన్' సాధారణముగా దీనితోనే పలుకుతారు. 5వ సంహతి మీద ఆగుట అర్ధ విరామము. 5 తరువాత 1 వచ్చునని ఎదురుచూచుచుండగా 6 వచ్చినచో శ్రోత ఆశ్చర్యపడతాడు.

సాధన విధానము

ప్రారంభకులు సాధారణముగా చేయు పొరపాటు ప్రతి సంహతినీ మూలస్వరముతోనే మొదలుపెట్టి చేతిని మెట్ల మీద అటు ఇటు దూకించుట. దీనివలన ధార తెగుతుంది. సంహతిలోని స్వరాల వరుస మార్చి, మధ్య స్వరమునో పై స్వరమునో అడుగున ఉంచి వాయించుటను ఇన్వర్షన్ అంటారు. దీనిని వాడితే చేయి దాదాపు కదలకుండానే సంహతి మారుతుంది. 1-4-5-1 క్రమమును కుడిచేతితో ఇలా వాయించవచ్చును:

* 1: స గ ప (బొటనవ్రేలు, నడిమివ్రేలు, చిటికెనవ్రేలు)
* 4: స మ ధ (అవే వ్రేళ్ళు). షడ్జమము కదలదు. గాంధారము ఒక మెట్టు, పంచమము రెండు మెట్లు పైకి జరుగుతాయి.
* 5: మంద్ర ని, రి, ప (బొటనవ్రేలు, చూపుడువ్రేలు, చిటికెనవ్రేలు). మూడు స్వరాలూ కొద్దిగా క్రిందికి దిగుతాయి.
* 1: స గ ప. పంచమము కదలదు. నిషాదము షడ్జమమునకు, రిషభము గాంధారమునకు ఎక్కుతాయి.

ఎడమచేతితో ఆయా సంహతుల మూలస్వరములను, అనగా స, మ, ప, స లను మంద్రస్థాయిలో వాయించవలెను. మొదట ఆది తాళములో ఒక్కొక్క సంహతిని ఒక ఆవర్తము నిలిపి, తరువాత నాలుగు అక్షరములకు ఒకటి చొప్పున మార్చుట మంచి పద్ధతి. వేగము కంటె కాలము తప్పకుండుట ముఖ్యము. వాయించునపుడు సంహతిలోని ఒక్కొక్క స్వరమును నోటితో పాడుట వలన చెవి త్వరగా పదునెక్కుతుంది. ఈ విషయములో సరళీ స్వరాలు, అలంకారాలు పాడిన విద్యార్థులకు ఇతరుల కంటె సౌలభ్యము ఎక్కువ. ఒక శ్రుతిలో పట్టు చిక్కిన పిదప అదే క్రమమును రెండవ, నాలుగవ, ఐదవ శ్రుతులలో సాధన చేయవలెను.

రాగములు - సంహతులు

పియానో విద్యార్థి మొదటి పాఠము తెల్లమెట్ల శంకరాభరణము. కర్ణాటక సంగీత విద్యార్థి మొదటి పాఠము పురందరదాసు ఏర్పరచినదని ప్రసిద్ధి గల మాయామాళవగౌళ. ఈ రెంటికీ స, గ, మ, ప, ని స్వరములు సమానము. రిషభ ధైవతములు మాత్రమే భిన్నము. కాని ఈ రెండు స్వరాల మార్పుతో సంహతుల స్వరూపము పూర్తిగా మారిపోతుంది.

మాయామాళవగౌళలో స గ ప మేజర్, రి మ ధ మేజర్, గ ప ని మైనర్, మ ధ స మైనర్, ధ స గ ఆగ్మెంటెడ్ సంహతులు అవుతాయి. పంచమము మీద నిర్మించవలసిన ప ని రి లో రిషభము శుద్ధము కనుక అది పైన చెప్పిన నాలుగు రకాలలో దేనికీ చెందదు. ని రి మ కూడా అంతే. కావున పాశ్చాత్య సంగీతమునకు ప్రాణము వంటి 5-1 ముగింపు ఈ రాగములో సహజముగా కుదరదు. శుద్ధ రిషభమునకు బదులు చతుశ్రుతి రిషభము వేసి సంహతిని సరిచేస్తే రాగము చెడిపోతుంది.

72 మేళకర్తలలో చతుశ్రుతి రిషభము, కాకలి నిషాదము రెండూ ఉన్నవి 12 మాత్రమే. అవి 21, 23, 24, 27, 29, 30, 57, 59, 60, 63, 65, 66 సంఖ్యల మేళములు. శుద్ధ గాంధారము అదే మెట్టుపై పలికే వివాది మేళములను విడిచిపెడితే, పంచమము మీద మేజర్ సంహతి ఏర్పడునవి ఇవి మాత్రమే. వీటిలో శంకరాభరణము (29), కీరవాణి (21), గౌరీమనోహరి (23), కల్యాణి (65) ప్రసిద్ధమైనవి. పాశ్చాత్యుల హార్మోనిక్ మైనర్ స్కేలు కీరవాణియే. అందులో స గ ప, మ ధ స మైనర్ సంహతులు కాగా ప ని రి మేజర్ సంహతి. అందువలన 1-4-5-1 నడక చక్కగా సాగుతుంది.

ఔడవ రాగాలలో చిక్కు వేరొక విధముగా ఉంటుంది. మోహనలో మ, ని లేవు. అందుచేత స గ ప, ధ స గ అన్న రెండు సంహతులే ఏర్పడతాయి. హిందోళములో రి, ప లేవు. అందులో మ ధ స మైనర్, ధ స గ మేజర్ మాత్రమే లభిస్తాయి. పంచమము లేనందున షడ్జమము మూలముగా సంహతియే లేదు. అటువంటి రాగములకు సంహతులు కట్టువారు రాగములో లేని స్వరమును నేపథ్యములో వాడుదురు, లేదా మూడు స్వరాల నియమమును విడిచి రాగములోని స్వరములనే రెండేసి చొప్పున కలుపుదురు, లేదా షడ్జమమును మాత్రము నిలిపి ఉంచుదురు. మొదటి పద్ధతిలో నిండుదనము ఉన్నా రాగఛాయ పలుచబడుతుంది. మూడవ పద్ధతి తంబురాకు దగ్గరగా ఉంటుంది.

శ్రుతి, గమకము - భేదాభిప్రాయాలు

పియానోలో స్థాయిని 12 సమభాగములుగా విభజిస్తారు. ఒక మెట్టు నుండి తరువాతి మెట్టుకు పౌనఃపున్యము సుమారు 1.0595 రెట్లు పెరుగుతుంది. దీనివలన ఏ మెట్టునైనా షడ్జమముగా చేసుకొనవచ్చును, ఏ శ్రుతిలోనైనా సంహతులు సమానముగా పలుకుతాయి. దీనికి మూల్యముగా స్వరాలు శుద్ధస్థానము నుండి కొద్దిగా తొలగుతాయి. శుద్ధ పంచమము షడ్జమమునకు 1.5 రెట్లు, పియానోలో 1.4983 రెట్లు. ఈ తేడా చెవికి అందనంత స్వల్పము. కాని అంతర గాంధారము శుద్ధస్థానములో 1.25 రెట్లు కాగా పియానోలో 1.2599 రెట్లు. తంబురా శ్రుతికి అలవాటుపడిన చెవికి ఈ తేడా తెలుస్తుంది.

రెండవ ఇబ్బంది గమకము. పియానో మెట్టు నొక్కిన తరువాత స్వరమును కదిలించుటకు వీలు లేదు. తోడిలోని గాంధారము వంటి స్వరము ఒక మెట్టులో ఇమిడేది కాదు, దాని కదలికయే దాని స్వరూపము. ఇటువంటి కారణములు చూపుతూ 1940లో ఆలిండియా రేడియో తన ప్రసారములలో హార్మోనియము వాడకమును నిషేధించినది. 1971లో ఈ నిషేధము పాక్షికముగా సడలింది. మరొకవైపు నాటకరంగము, హరికథ, భజన, చలనచిత్ర సంగీతము హార్మోనియమును ఎన్నడూ విడువలేదు.

తెలుగునాట, ఓరుగల్లు ప్రాంతములో

ఓరుగల్లుకు సంగీత, నాట్య శాస్త్ర గ్రంథ రచనలో ప్రాచీన స్థానము ఉన్నది. కాకతీయ గణపతిదేవుని గజసైన్యాధిపతి జాయప సేనాని 1253-54 ప్రాంతములో సంస్కృతములో నృత్తరత్నావళిని రచించాడు. ఆయన రచించినట్లు చెప్పబడు గీతరత్నావళి, వాద్యరత్నావళి నేడు లభ్యము కావు. పాలకుర్తికి చెందినవానిగా ప్రసిద్ధుడైన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రములో అనేక రాగముల, వాద్యముల పేర్లు పేర్కొన్నాడు. ఈ పరంపర అంతయు రాగ తాళ ప్రధానమైనది. నేడు వరంగల్లులోని విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల శాస్త్రీయ సంగీత, నృత్యములలో శిక్షణ ఇచ్చుచున్నది.

కర్ణాటక సంగీతము పాశ్చాత్య బాణీలను ముందుగా స్వీకరించినది కూడా శంకరాభరణములోనే. ముత్తుస్వామి దీక్షితులు (1835లో మరణించాడు) ఐరోపా బాణీలకు సంస్కృత సాహిత్యము కూర్చి నొట్టుస్వరములు రచించాడు. ఇవి సుమారు 40 వరకు ఉన్నవి. వాటిలో బాణీ వచ్చినది గాని సంహతి రాలేదు.

సంహతులు తెలుగువారికి చేరిన ముఖ్య మార్గాలలో ఒకటి క్రైస్తవ ప్రార్థనా మందిరము. అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1879లో హనుమకొండలో కేంద్రము నెలకొల్పినది. తెలుగు ప్రొటెస్టంటు సంఘములు వాడు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంకలనములో రెండు సంప్రదాయములూ ప్రక్కప్రక్కనే కనిపిస్తాయి. పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటి తెలుగు కవుల కీర్తనలు రాగ తాళములతో ఒకే స్వరధారగా పాడదగినవి. ఆంగ్లము నుండి అనువదించిన గీతములు నాలుగు గాత్రములకు ఏర్పడిన బాణీలు కలవి. సొప్రానో, ఆల్టో, టెనోర్, బాస్ అను ఆ నాలుగు గాత్రములు కలిసి పలికినపుడు ప్రతి అక్షరమునకు ఒక సంహతి ఏర్పడుతుంది.

రెండవ మార్గము చలనచిత్రము. మద్రాసు స్టూడియోల వాద్యబృందములలో పియానో, గిటారు, వయొలిన్ల సమూహము స్థిరపడుటతో సాలూరు రాజేశ్వరరావు (1922-1999) వంటి సంగీత దర్శకులు రాగముల నేపథ్యములో సంహతులను వాడారు. రాగమునకు సంహతులను, బహుస్వర రచనను జోడించుటలో ఇళయరాజా పేరు ముఖ్యముగా చెప్పుకుంటారు. ఆయనకు జాతీయ పురస్కారములు తెచ్చిన చిత్రములలో సాగర సంగమం (1983), రుద్రవీణ (1988) తెలుగు చిత్రములు. పూర్వపు వరంగల్ జిల్లాలోని కంబాలపల్లిలో జన్మించిన చక్రి (1974-2014) 2000లో బాచి చిత్రముతో సంగీత దర్శకుడైనాడు.

ఎలక్ట్రానిక్ కీబోర్డులలో ఒకటి రెండు మెట్లు నొక్కితే సంహతి దానంతట అదే పలికే ఏర్పాటు ఉంటుంది. ఇది ప్రారంభకులకు ఉత్సాహమును ఇచ్చినా, పాటలోని స్వరము ఏ సంహతికి చెందినదో తెలుసుకొను శ్రమను తప్పించి చెవిని వెనుకబెట్టవచ్చును. ముఖ్యముగా రాగ ప్రధానమైన పాటలలో యంత్రము ఇచ్చు సంహతిలో అన్యస్వరము చేరినదో లేదో వాయించువారే గుర్తించవలసి ఉంటుంది. లండన్‌లోని ట్రినిటీ కాలేజి (స్థాపన 1872), అసోసియేటెడ్ బోర్డు (స్థాపన 1889) నిర్వహించు పరీక్షలు భారతదేశములోనూ జరుగుచున్నవి. వీటి పాఠ్యక్రమము ఎనిమిదవ గ్రేడు వరకు సాగుతుంది. స్కేళ్ళు, సంహతులు, ముగింపులు అందులో భాగములు.

ఇవి కూడా చూడండి

* మేళకర్త రాగాలు
* శంకరాభరణ రాగము
* మాయామాళవగౌళ రాగము
* హార్మోనియము
* జాయప సేనాని